దారి చూసే సిపాయి

నా ఉద్యోగం పళ్లు చేయడం. మస్కట్‌లోని రూవిలో ఒక డెంటల్ ల్యాబ్‌లో కూర్చుని, ఎవరి నోట్లోనో ఊడిపోయిన పన్నుకి బదులు మైనంతో మరో పన్ను చెక్కుతాను. సెలవు రోజుల్లో ఘుబ్రాలోని మా ఫ్లాట్‌లో అవే పనిముట్లతో సిపాయిలను చేస్తాను. కాకతీయుల నాటి కాలిబంట్లు, గోల్కొండ ఫిరంగుల దగ్గర పనిచేసినవాళ్లు, మద్రాసు పటాలాల్లో చేరి ఓడలెక్కిన తెలుగువాళ్లు. ఎంత వీరుడైనా నా చేతిలో వేలెడంతే ఉంటాడు.

ముందు సన్నటి తీగతో చట్రం కట్టాలి. రెండు రంగుల పుట్టీని కలిపి పిసికి దాని మీద ఒళ్లు పెట్టాలి. ఒళ్లు గట్టిపడ్డాక బట్టలు, ఆ తర్వాత ఆయుధాలు. తల విడిగా చేసి, మెడలోకి తీగతో గుచ్చుతాను. వేరుశనగ గింజంత తల, అందులో గసగసాలంత కళ్లు. పుట్టీ పూర్తిగా బిగిసేలోపు ముక్కు కుదరకపోతే ఆ తల చెత్తబుట్టలోకే. నా వాలకం చూసి మా ఆయన, లోకంలో ఆడవాళ్లు బంగారం కొనుక్కుంటుంటే నువ్వు సైన్యాన్ని పోగేస్తున్నావేంటి అంటారు. అలా అన్నా, ఆ సైన్యం మీద దుమ్ము పడితే మెత్తటి బ్రష్షు పట్టుకుని ముందు బయల్దేరేది ఆయనే.

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లు మస్కట్‌లో ఇంకొందరు ఉన్నారని తెలిసిన రోజున నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక మలయాళీ ఇంజనీరు, రిటైరై ఇక్కడే ఉండిపోయిన ఒక ఇంగ్లీషు మాస్టారు, ఒక ఫిలిప్పీన్స్ నర్సు. వీళ్లందరికీ పెద్దదిక్కు ఒక ఒమానీ ముసలాయన. సైన్యంలో చాలాకాలం పనిచేసి, అక్కడ మనవాళ్లతో కలిసి తిరిగి హిందీ నేర్చుకున్నాయన. ఆయన్ని నేను చాచా అంటాను, ఆయన నన్ను బేటీ అంటారు. శనివారం పొద్దున్నే ఆయనింటి మజ్లిస్‌లో, అంటే అతిథులను కూర్చోబెట్టే ముందుగదిలో, అందరం చేరతాం. గోడల వెంబడి కింద పరుపులు, ఆనుకోవడానికి దిళ్లు. గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ దగ్గర, సరిగ్గా మధ్యలో చాచా చోటు. అది ఇంటి పెద్ద కూర్చునే చోటు, ఇంకెవరూ కూర్చోరు. చెప్పులు విడిచే గుమ్మం దగ్గర కూడా ఎవరూ కూర్చోరు.

ఇక్కడివాళ్లకి కహ్వా, అంటే యాలకులు వేసిన కాఫీ, పోసే మర్యాద ఒకటుంది. గుప్పిట్లో దాగిపోయే పింగాణీ కప్పులో కాస్త పోస్తారు. తాగి చాపితే మళ్లీ పోస్తారు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఆడించాలి, నోటితో చెప్పక్కర్లేదు. మా బృందం ఈ మర్యాదను బొమ్మలకు కూడా తగిలించింది. ఎవరి బొమ్మ మధ్యలో ఉంటే వాళ్లు కప్పు చాపుతున్నంతసేపూ మిగతావాళ్లు తప్పులు చెప్పాలి, బొమ్మ చేసినవాళ్లు నోరెత్తకూడదు. కప్పు ఆడించగానే కహ్వా ఆగుతుంది, తప్పులూ ఆగుతాయి. మెచ్చుకోళ్లన్నీ ఆ తర్వాతే, ఖర్జూరాలతో పాటు.

మొదటిసారి నేను కాకతీయ కాలిబంట్లను తీసుకెళ్లాను. ఈటెలు, డాళ్లు, నడుముకి బిగించిన పంచెలు, మెలితిప్పిన మీసాలు. మీసాల మీద ఎన్ని సెలవులు పోశానో నాకే తెలుసు. ఇంజనీరు డాలు మందం ఎక్కువన్నాడు. సరే అనుకున్నాను. చాచా మాత్రం ఒక్కొక్కణ్ణీ వెలుతురుకి పట్టుకుని చూసి, వీళ్లు యుద్ధానికి వచ్చారా, ఫొటోకి వచ్చారా అని అడిగారు. ప్రతివాడూ నన్నే చూస్తున్నాడు, నేను మెచ్చుకుంటానేమోనని ఎదురుచూస్తున్నాడు అన్నారు.

నేను కప్పు ఆడించిన ఊపుకి అడుగున మిగిలిన కహ్వా పరుపు మీద చిందింది. ఖర్జూరాలు కూడా ముట్టలేదు. కారులో దారి పొడుగునా, నన్ను తీసుకెళ్లడానికొచ్చిన మా ఆయన దగ్గర ఆ ముసలాయన్ని కడిగేశాను. కాకతీయులంటే ఆయనకేం తెలుసు, ఓరుగల్లు ఎప్పుడన్నా చూశాడా అని. మా ఆయన ఘుబ్రా మలుపు తిరిగేదాకా ఊరుకుని, అప్పుడు నోరు విప్పారు.

“కోపం తెచ్చుకోకపోతే ఓ మాట చెప్తాను. నీ సిపాయిలందరూ పేరంటానికొచ్చినట్టే ఉంటారే.”

ఆ మాట రెండు మూడు నెలలు నాలో నలిగింది. దసరాకి ఫ్లాట్‌లో బొమ్మల కొలువు పెడుతున్నాను. కార్టన్ పెట్టెలు మెట్లుగా పేర్చి, పైన తెల్ల దుప్పటి పరిచి, బొమ్మలు సర్దుతున్నాను. సర్దుతూనే చాప మీద కూర్చుని, మళ్లీ లేచి, ఒక బొమ్మను కాస్త తిప్పి, ఇంకోదాని మడమ కింద మడతపెట్టిన కాగితం దూర్చి ముందుకు వంచుతున్నాను. మా అమ్మ నేర్పిన పద్ధతి అది. పేరంటాళ్లు చాప మీద కూర్చుంటారు కాబట్టి బొమ్మల చూపు కిందికి వాలాలి, కూర్చున్న మనిషి మొహంలోకి చూడని బొమ్మ కొలువుకి పనికిరాదు అనేది. చిన్నప్పటి నుంచీ నా చేతులకు అలవాటైన పని అదే. ఎదుటివాళ్ల మొహం చూడని బొమ్మను చేయడం నాకు అసలు రాదని ఆ చాప మీద కూర్చున్నప్పుడు తెలిసింది. కాలిబంట్లను కూడా తెచ్చి చివరి మెట్టు మీద నిలబెట్టాను. చక్కగా కలిసిపోయారు. నాకు ఒకటే నవ్వు.

తర్వాతి శనివారం చాచాకి ఈ కొలువు సంగతంతా చెప్పాను. కాగితం మడత గురించి రెండుసార్లు చెప్పించుకుని విన్నారు. అది తప్పు కాదు, అక్కడి పనికి అది సరైనదే, సిపాయికి మాత్రం వేరే పని ఉంది అన్నారు. ఇక మీదట పుట్టీ కలిపే ముందు, నీ మనిషి దేన్ని చూస్తున్నాడో నాకు చెప్పాలి అని షరతు పెట్టారు. చెప్పలేకపోతే ఆ రోజు పుట్టీ ముట్టకూడదు.

అలా నాకు మనుషుల చూపులు పట్టుకునే జబ్బు అంటుకుంది. ల్యాబ్ నుంచి బయటికొచ్చాక రూవి వీధిలో ఊరికే నిలబడేదాన్ని. కంపెనీ బస్సు కోసం నిలబడ్డవాళ్లు పక్కవాడితో మాట్లాడుతూనే రోడ్డు చివర చూస్తారు. డబ్బు పంపడానికి క్యూలో నిలబడ్డవాడు ముందువాడి మెడ వెనక్కి చూస్తూ ఎక్కడో ఉంటాడు. బరువు మోసేవాడి చూపు తన కాళ్లకి నాలుగడుగుల ముందు ఉంటుంది. ఇవన్నీ నా సిపాయిల్లోకి వచ్చి చేరాయి. మద్రాసు పటాలం మనిషి ఒకణ్ణి ఓడ దిగుతూ తన కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నట్టు చేశాను. ఆ రోజు నేను కప్పు చాపుతూనే ఉన్నాను, ఎవరూ త్వరగా తప్పులు వెతుక్కోలేకపోయారు. చాచా మాత్రం చెప్పు పట్టీ సరిగా లేదని తప్పు పట్టారు. పట్టకపోతే ఆయనకి కహ్వా అరగదు. అప్పటికే ఆయనంటే నాకు చాలా ఇష్టం, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఆ చలికాలంలోనే ఆయన చేతులు వణకడం మొదలైంది. మొదట్లో ఎవరం పైకి అనలేదు. కప్పు పట్టుకుంటే దానంతట అదే ఆడేది. పోసేవాళ్లకి, చాలంటున్నారో, ఇంకా కావాలంటున్నారో తెలిసేది కాదు. చివరికి ఆయనే కొత్త పద్ధతి పెట్టారు. నాకు చాలనిపిస్తే కప్పు మీద అరచెయ్యి మూస్తాను, అందాకా పోస్తూనే ఉండండి అని. అందరూ నవ్వారు. నర్సు మాత్రం నవ్వలేదు. చాచా పనిబల్ల మీద సగంలో ఆగిపోయిన ఒక ఒంటె బొమ్మ కూడా అలాగే ఉండిపోయింది.

ఒకరోజు మిగతావాళ్లు వెళ్లాక నన్ను ఉండమన్నారు. లోపలి ఊళ్లలో ఒక కోటకి వాళ్ల నాన్న కాపలా సిపాయిగా ఉండేవాడట. చాచా చిన్నప్పుడే ఆ నాన్న పోయాడు. ఫొటో లేదు. అన్నలూ అక్కలూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఆ మనిషిని చూసినవాళ్లలో చాచా ఒక్కరే మిగిలారు. ఎప్పటికైనా నాన్నని చేయాలని అన్నేళ్లుగా చెయ్యి తిరిగేలా సాధన చేస్తూ వచ్చారు. ఇంకా బాగా వచ్చాక చేద్దాం, ఇంకా బాగా వచ్చాక చేద్దాం అని వాయిదా వేశారు.

“చేతులు నన్ను వదిలేశాయి బేటీ. ఆయన మొహం ఇంకా నా దగ్గర ఉంది. అదీ పోకముందే తీసుకో.”

నేను సరేనన్నాను. కారెక్కాక ఏడ్చాను. మా ఆయన ఏమైందని అడిగి, విని, ఆ వారం వంట తానే చేస్తానన్నారు. చేశారు కూడా, దాని గురించి ఎక్కువ చెప్పకపోవడమే మంచిది.

మొదటిసారి నేను పట్టుకెళ్లింది వీరుణ్ణి. నిటారుగా నిలబడి, భుజాన తుపాకీ, నడుము చుట్టూ తూటాల పటకా, వెండి పనితనమంతా చూపించిన ఖంజరు. చాచా చూసి, ఈయన చాలా పెద్దమనిషిలా ఉన్నాడు, మా ఇంటికి ఎందుకొస్తాడు అన్నారు. వాళ్ల నాన్న కోట గుమ్మం పక్కన రాతి మీద కూర్చునేవాడట. తుపాకీ ఒళ్లో అడ్డంగా. చెప్పులు విప్పి పక్కన పెట్టి. ఖంజరు ఒరకి వెండి కాదు, తోలు.

తీగ దగ్గర్నుంచీ మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మనిషి కూర్చున్నాడు. బట్టల ముడతలు మరీ శుభ్రంగా ఉన్నాయన్నారు. నీళ్లు మోసి ఉతకాల్సిన ఇంట్లో అంత తెల్లబట్టలెక్కడివి అన్నారు. భుజాలు కొంచెం దించమన్నారు. ఎడమ చెవి తలపాగా కింద నలిగి బయటికి తిరిగి ఉండేదన్నారు. ఇవి చెబుతున్నప్పుడు ఆయన కళ్లు మూసుకునేవారు. నేను పుట్టీని అక్కడే, ఆయన మాట వింటూ వింటూ సరిచేసేదాన్ని. ఆయన చేతులు ఒళ్లో వణుకుతుండేవి, నా చేతులు పనిచేస్తుండేవి.

మధ్యమధ్య ఆయన చిన్ననాటి మాటలు వచ్చేవి. మధ్యాహ్నం నాన్నకి అన్నం, ఎండుచేప మోసుకెళ్లే పని చాచాదట. ఖర్జూరపు తోటల మధ్య నుంచి దారి. పక్కనే రాతి కాలువలో చల్లటి నీళ్లు, నీళ్లలో చిన్న చిన్న చేపలు. గిన్నె ఒడ్డున పెట్టి, ఆ చేపల వెంట పడి, అన్నం చల్లారిపోయాక కోటకి చేరేవాడట. నాన్న తిట్టేవాడు కాదు. గిన్నె తీసుకుని, తల వంచుకుని తినేవాడు. అసలు మాటలే తక్కువట.

మొహం చేయడానికి నాకు ఒక నెల పట్టింది. చెంపల గుంటలు, గడ్డం, ఆ నలిగిన చెవి. తల మెడలో గుచ్చి తీసుకెళ్లాను. చాచా చాలాసేపు చూశారు. మొహం ఇదే అన్నారు. నాకు ఒళ్లు తేలికైంది. అంతలోనే తల అడ్డంగా ఆడించారు.

“ఈయన నన్ను చూస్తున్నాడు. మా నాన్న నన్ను చూసేవాడు కాదు. ఎప్పుడు వెళ్లినా దారినే చూస్తుండేవాడు.”

నిజమే. నాకు తెలియకుండానే మళ్లీ కొలువు బొమ్మని చేశాను. తెలిసే చేశానేమో కూడా. ఇన్నాళ్లకి ఆ ముసలాయన వాళ్ల నాన్న మొహం చూడబోతున్నారు, ఆ మొహం ఆయన వైపు తిరిగి ఉండాలని నాకు మాత్రం ఉండదా? కప్పు చేతిలో ఉండగానే నియమం తప్పి వాదించాను. ఎవరు చూడొచ్చారు, ఈ ఒక్క బొమ్మ చూస్తే నష్టమేంటి అన్నాను. ఆయన మెత్తగానే చెప్పారు, కానీ ఒప్పుకోలేదు. ఆయన కాపలావాడు, దారి చూడటమే ఆయన పని, నాకోసం ఆయన చేత పని మాన్పించకు అన్నారు. ఇంటికి తెచ్చి మెడ తిప్పాను. కంటిపాపలు కూడా మళ్లీ పెట్టాను, దూరానికి.

ఆ మనిషిని అందరి ముందూ పెట్టిన శనివారం నాకు బాగా గుర్తుంది. కప్పు చాపాను. ఇంగ్లీషు మాస్టారు పోశారు. ఎవరూ తప్పు చెప్పలేదు. తాగి మళ్లీ చాపాను. మళ్లీ పోశారు. ఇంజనీరు బొమ్మను చుట్టూ తిప్పి చూసి, నాకే తప్పూ కనిపించడం లేదు అని పక్కకి జరిగాడు. అందరం చాచా వైపు చూశాం. ఆయన తప్పు పట్టకుండా వదిలిన బొమ్మ ఆ గదిలో అంతవరకూ లేదు. ఆయన లేచి, తన చోటు వెనక గోడకున్న అరలో సిపాయిని తన చేతులతోనే పెట్టారు. వణుకుతున్న చేతులే, ఎవరం సాయం వెళ్లలేదు. పెట్టి, కింద తన చోట్లో కూర్చుని, మెడ తిప్పి పైకి చూశారు. అరలో సిపాయి ఆయన తల మీదుగా ఎటో చూస్తున్నాడు.

“తప్పేం లేదు. అచ్చం ఇలాగే ఉండేవాడు. ఒక్కసారి నా వైపు చూస్తే బాగుండేదని, అంతే. అది బొమ్మ తప్పు కాదు.”

నర్సు మెడ కోసి మళ్లీ తిప్పొచ్చు కదా అంది. చాచా వద్దన్నారు, అబద్ధం చేయించొద్దన్నారు. అందరూ తలలు వంచుకున్నారు. నాకు మాత్రం అలా కూర్చోబుద్ధి కాలేదు. ఏం చేస్తున్నానో ఎవరికీ చెప్పకుండా లేచాను. గోడ వెంబడి ఒక్కో పరుపు మీదా కూర్చుని అరకేసి చూశాను. కూర్చోవడం, లేవడం, కాస్త జరిగి మళ్లీ కూర్చోవడం. దసరాకి చాప మీద చేసే పనే. ఇంజనీరు నాకు మతిపోయిందనుకుని ఉంటాడు. ఎక్కడ కూర్చున్నా సిపాయి చూపు దొరకలేదు. చివరికి గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు పక్కకి నెట్టి నేల మీద కూర్చున్నాను. అక్కడ, నా తలకి కాస్త పైగా, ఆ చూపు గుమ్మంలోంచి బయటికి పోతోంది.

వెళ్లి హ్యాండ్‌బ్యాగులో ఉన్న పాత బస్సు టికెట్టుని మడిచి, సిపాయి కూర్చున్న రాతి దిమ్మ వెనక అంచు కింద దూర్చాను. మళ్లీ గుమ్మం దగ్గరికొచ్చి కూర్చుని చూశాను. ఇంకో మడత వేశాను. అప్పుడు చాచా పరుపుని ఆ గోడ దగ్గర్నుంచి బరబరా లాక్కొచ్చి గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట వేశాను. ఇంటి పెద్దని చెప్పుల దగ్గర కూర్చోమనడం ఎంత తప్పో నాకు తెలుసు. అయినా అన్నాను.

“చాచా, ఇక్కడికొచ్చి కూర్చోండి. నేను మెడ మళ్లీ తిప్పలేదు. ఆయన దారే చూస్తున్నాడు.”

ఆయన మెల్లగా వచ్చారు. గోడ పట్టుకుని దిగి కూర్చున్నారు. తలెత్తి అరకేసి చూశారు. అలా చూస్తూనే ఉండిపోయారు. మాస్టారు కహ్వా పోసి ఆయన చేతికిచ్చారు. కప్పు ఎప్పటిలాగే వణికింది, ఆయన తాగలేదు, దించలేదు.

“నేనేగా ఆ దారిన వెళ్లేది” అన్నారు. అర మీంచి చూపు తిప్పకుండానే, “రోజూ ఆలస్యంగా వెళ్లేవాణ్ణి బేటీ” అన్నారు.

కప్పులో కహ్వా చల్లారిపోయింది. ఆ రోజు ఆయన కప్పు మీద చెయ్యి మూయనే లేదు.

పరుపు మళ్లీ పాత చోటికి వెళ్లలేదు. శనివారం మేం వెళ్లేసరికి ఆయన గుమ్మం దగ్గరే కూర్చుని ఉంటారు. చెప్పులు బయట మెట్ల మీదే విడిచి, ఆయనకి తగలకుండా ఒక పక్కగా లోపలికి వెళతాం. వెళుతున్నప్పుడు నా చేతిలో కొత్త బొమ్మ ఉంటే అక్కడే ఆపి అడుగుతారు, దేన్ని చూస్తున్నాడని.